ఊరికే చేశాను

(జర్మనీలో చదువుకోవడానికి వెళ్తున్న విద్యార్థుల కోసం రాజమండ్రిలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకి మైకు వినపడుతోందా? సరే.

ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచినప్పుడు "వీసా గురించీ, బ్లాక్డ్ అకౌంట్ గురించీ చెప్పండమ్మా, పిల్లలకి అదే టెన్షన్" అన్నారు. బ్లాక్డ్ అకౌంట్ అంటే అక్కడి ఖర్చులకి ముందే డబ్బు వేసి చూపించాల్సిన బ్యాంకు ఖాతా. నిజానికి అవి నాకంటే మీకే బాగా తెలుసు. నేను వెళ్లింది 2014లో. అప్పటి రూల్స్ చాలా మారిపోయాయి. ఆ కాగితాల సంగతి మీ సీనియర్లు వాట్సాప్ గ్రూపుల్లో గంటగంటకీ చెబుతూనే ఉంటారు. అందుకని ఎవరూ చెప్పని ఒక చిన్న విషయం ఎత్తుకుంటాను. ఫోను. ఏ ఫోన్ కొనాలో చెప్పను, కంగారు పడకండి. ఫోన్‌లో మాట్లాడటం గురించి చెబుతాను.

(ముందు వరసలో ఒకరి ఫోన్ మోగింది. సభలో నవ్వులు.)

పర్లేదు బాబూ, ఎత్తు. అమ్మేనా? మాట్లాడు, మేం ఆగుతాం.

చూశారా ఇప్పుడు ఇతను ఏం చేశాడో. తల కిందికి వంచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "మీటింగ్‌లో ఉన్నానమ్మా, మళ్లీ చేస్తా" అన్నాడు. అంటే మాట్లాడటం కుదరదని చెప్పడానికి ఫోన్ ఎత్తి మాట్లాడాడు. మనం అందరం ఇంతే. ఎత్తి కసురుకున్నా ఫర్వాలేదు గానీ, ఎత్తకపోతే అవతల మనిషికి బెంగ. స్టుట్‌గార్ట్‌లో నా పక్క సీట్లో కూర్చునే ఆయన దీన్ని చూస్తే, "కుదరనప్పుడు ఎందుకు ఎత్తాడు?" అని చాలా మర్యాదగా అడుగుతాడు. నేను పదకొండేళ్లుగా ఆ ప్రశ్నకి సరైన జవాబు వెతుకుతున్నాను.

మొదటిసారి నా పరువు పోయింది ఆఫీసులోనే. మాస్టర్స్ చదువుతూ ఒక కంపెనీలో పార్ట్‌టైం పనికి కుదిరాను. మీరంతా కూడా చేస్తారు, అక్కడ దాన్ని వెర్క్‌స్టూడెంట్ అంటారు. రెండో రోజే టేబుల్ మీద ల్యాండ్‌లైన్ మోగింది. ఎత్తి "హలో" అన్నాను. అటు నుంచి చప్పుడు లేదు. మళ్లీ "హలో" అన్నాను. మూడోసారి ఇంకాస్త గట్టిగా, మన వరండాల్లో అరిచినట్టు "హలో" అన్నాను. అప్పుడు ఆయన నెమ్మదిగా, "ఎవరు మాట్లాడుతున్నారు?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఫోన్ చేసింది నువ్వు, ఎవరో చెప్పాల్సింది నువ్వు, నన్ను అడుగుతావేంటి!

తర్వాత తెలిసింది. అక్కడ ఫోన్ ఎత్తగానే ఇంటిపేరు చెప్పాలి. "ష్మిట్." అంతే. హలో లేదు, ఎవరండీ లేదు. ఈ అలవాటు నాకు ఫోన్ వల్ల అర్థం కాలేదు, ఇంటి గుమ్మం వల్ల అర్థమైంది. అక్కడ చాలా అపార్ట్‌మెంట్లకి ఫ్లాట్ నంబర్లు ఉండవు. కింద గేటు దగ్గర వరసగా కాలింగ్ బెల్లులు, ఒక్కో బెల్లు పక్కన ఒక్కో ఇంటిపేరు. మీ పేరు అక్కడ అంటించకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వెనక్కి తీసుకెళ్లిపోతాడు. ఫోన్ కూడా వాళ్లకి అలాంటి గుమ్మమే. తలుపు తీసిన మనిషి తానెవరో చెబితేనే వచ్చినవాడికి సరైన ఇంటికి వచ్చానని తెలుస్తుంది.

మన సంగతి చూడండి. మా పెద్దత్తయ్య కొత్త నంబర్ నుంచి చేస్తుంది. "ఎవరండీ?" అంటే "నేనే" అంటుంది. "నేనంటే ఎవరండీ?" అంటే "నేనేనే, గుర్తుపట్టలేదూ?" అని నిష్ఠూరం. గొంతు గుర్తుపట్టకపోవడం మన దగ్గర నేరం. పేరు చెప్పుకోవాల్సి రావడం ఆవిడకి అవమానం. ష్మిట్ గారికీ మా పెద్దత్తయ్యకీ ఫోన్ కలిపితే ఎలా ఉంటుందో అని నాకు ఎప్పటినుంచో కోరిక.

సరే, నేనూ ఇంటిపేరు చెప్పడం మొదలుపెట్టాను. మా ఇంటిపేరు యనమండ్ర. చెప్పగానే అటువైపు పెద్ద నిశ్శబ్దం. తర్వాత, "ఒక్కో అక్షరం చెబుతారా?" దానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. ఊరికే వై, ఏ, ఎన్ అంటే కుదరదు. ప్రతి అక్షరానికీ ఒక పేరు ఉంటుంది. మీ ఇంటిపేరుకి ఇప్పుడే నేర్చుకుని వెళ్లండి. బ్యాంకు, ఇన్సూరెన్స్, డాక్టర్, కరెంటు కంపెనీ, అన్ని చోట్లా కావాలి. నాది నిద్రలో లేపి అడిగినా చెబుతాను: ఇప్సిలాన్, ఆంటోన్, నోర్డ్‌పోల్, ఆంటోన్, మార్తా, ఆంటోన్, నోర్డ్‌పోల్, డోరా, రిషార్డ్, ఆంటోన్.

(నవ్వులు)

నోర్డ్‌పోల్ అంటే ఉత్తర ధ్రువం. మా ఇంటిపేరులో నలుగురు ఆంటోన్లు, రెండు ఉత్తర ధ్రువాలు. నాకు ఇది తమాషాగా ఉండేది. మిగతావి దాదాపు అన్నీ మనుషుల పేర్లయితే ఈ ఉత్తర ధ్రువం మధ్యలో ఎందుకొచ్చిందని ఒకరోజు భోజనాల దగ్గర అడిగాను. టేబుల్ దగ్గర నవ్వులు ఆగిపోయాయి. ఒక పెద్దాయన ప్లేటు పక్కకి జరిపి చెప్పాడు.

మొదట ఎన్ అంటే నాథన్. డి అంటే డేవిడ్. ఎస్ అంటే సామ్యుయెల్. జెడ్ అంటే జకారియా, వాళ్ల ఉచ్చారణలో త్సఖారియాస్. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే రోస్టాక్ ఊరి నుంచి ఒకతను తపాలా శాఖకి కార్డు రాశాడు, ఈ యూదుల పేర్లు మనకెందుకు, తీసేయండి అని. తీసేశారు. 1934 నాటి పట్టికలో డేవిడ్ డోరా అయింది, నాథన్ ఉత్తర ధ్రువం అయింది, సామ్యుయెల్ సీగ్‌ఫ్రీడ్ అయింది, జకారియా జెప్పెలిన్ అయింది. యుద్ధం అయ్యాక సామ్యుయెల్, జకారియా పట్టికలోకి తిరిగొచ్చారు. డేవిడ్, నాథన్ రాలేదు. ఆ సంగతి తెలియకుండా జనం దశాబ్దాల తరబడి ఫోన్లలో నోర్డ్‌పోల్, డోరా అంటూనే ఉన్నారు. వాళ్లలో నేనూ ఒకదాన్ని. నా పేరులో రెండు నాథన్లు, ఒక డేవిడ్ ఉండాల్సిందని ఆ రోజు తెలిసింది.

2022లో ఆఫీసుల కోసం కొత్త పట్టిక తెచ్చారు. మనుషుల పేర్లు తీసేసి దాదాపు అన్నీ ఊళ్ల పేర్లు పెట్టారు. ఏ అంటే ఆఖెన్, బి అంటే బెర్లిన్, ఎన్ అంటే న్యూర్న్‌బెర్గ్. విచిత్రం ఏంటంటే ఆర్ అంటే రోస్టాక్. కార్డు రాసినవాడి ఊరు! కావాలని పెట్టారని నేను అనుకోను. కానీ ఇప్పుడు నా పేరు చెప్పుకునేటప్పుడు ఆ ఊరు నా నోటమ్మటే వస్తుంది. మీరు కొత్త పట్టికే నేర్చుకోండి. కాస్త వయసున్నవాళ్లు మాత్రం ఇంకా ఆంటోన్ అనే అంటారు, అర్థం చేసుకోవడానికి పాతది కూడా ఓసారి చూసి ఉంచుకోండి.

ఇక అంకెలు. మీరు క్లాసులో నేర్చుకున్న జర్మన్ ఫోన్‌లో పనికిరాదు, ముందే చెబుతున్నా. మనం ఇరవై ఒకటి అంటాం. వాళ్లు ఒకటీ-ఇరవై అంటారు. నలభై అయిదుని అయిదూ-నలభై అంటారు. కాగితం మీద చూస్తే సులువు. ఫోన్‌లో ఒకావిడ నంబర్‌ని రెండేసి అంకెలుగా గబగబా చెబుతుంటే, మీ చెయ్యి ముందు విన్నది ముందు రాసేస్తుంది. 45 కాస్తా 54 అవుతుంది. నేను అలా రాసుకుని ఒక డాక్టర్ క్లినిక్ అనుకుని ఎవరో ముసలాయన ఇంటికి మూడుసార్లు చేశాను. ఆయన మూడుసార్లూ ఇంటిపేరు చెప్పాడు. మూడోసారి ఆయనే అడిగాడు, "అమ్మాయ్, మీ ఊళ్లో అంకెలు ఎటు నుంచి చదువుతారు?" ఆయనకి దండం పెట్టాలి. కోప్పడలేదు, కూర్చోబెట్టి అంకె అంకె విడిగా చెప్పించుకో అని సలహా ఇచ్చాడు. ఆ సలహా మీకూ ఇస్తున్నాను. ఇంకోటి, రెండుని త్స్వై అంటారని నేర్పారు కదా. ఫోన్‌లో త్స్వో అంటారు, మూడు అనే ద్రైతో కలిసిపోకుండా. త్స్వో వినగానే తెల్లమొహం వెయ్యకండి.

చివరికి ఆ క్లినిక్ నంబర్ దొరికింది. రిసెప్షన్ ఆవిడ "హల్ప్ నోయిన్"కి రమ్మంది. హల్ప్ అంటే సగం, నోయిన్ అంటే తొమ్మిది. మనకి తొమ్మిదీ సగం అంటే ఎంత? తొమ్మిదిన్నర. పావుగంట ముందే వెళ్లి దర్జాగా నిలబడ్డాను. నా టైం ఎనిమిదిన్నరకట, అయిపోయిందట. వాళ్ల లెక్కలో తొమ్మిదిలో సగం వచ్చింది, అంటే ఎనిమిది దాటి సగం. మళ్లీ టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, అయిదు వారాల తర్వాత ఇచ్చారు. పంటి నొప్పితో అయిదు వారాలు. హల్ప్ అనే మాట నేను ఈ జన్మకి మర్చిపోను.

ఎదురుగా ఉంటే ఆవిడ చేత్తో గడియారం చూపించేది, మొహం చూసి అర్థం చేసుకునేదాన్ని. ఫోన్‌లో ఊహించడానికి ఆధారం ఉండదు. దీన్ని బాగా అర్థం చేసుకున్నది కూడా ఒక జర్మనే. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఒక బడిపంతులు, ఫిలిప్ రైస్ అని. గ్రాహం బెల్ కంటే పదిహేనేళ్ల ముందు, 1861 అక్టోబర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో తన యంత్రాన్ని చూపించాడు. దానికి టెలిఫోన్ అని పేరు పెట్టింది ఆయనే. దాన్ని పరీక్షించేటప్పుడు మామూలు వాక్యం చెబితే వినేవాడు సగం విని మిగతాది ఊహించి చెప్పేస్తాడు కదా. అందుకని ఎవరి ఊహకీ అందని వాక్యం చెప్పించారట: "గుర్రం కీరదోసకాయ సలాడ్ తినదు."

(నవ్వులు)

అక్కడి బళ్లలో ఈ కథ చెప్పుకుంటారు. మీ మొదటి ఏడాది ఫోన్లన్నీ మీకు ఈ గుర్రం వాక్యంలాగే వినిపిస్తాయి. ఒక చిట్కా చెబుతాను. ఫోన్ చేసే ముందు చెప్పాల్సిన నాలుగు ముక్కలూ కాగితం మీద రాసుకోండి. చివర్లో "నేను అర్థం చేసుకున్నది చెబుతాను, సరిదిద్దండి" అని చెప్పి, అంకెలూ తేదీలూ మళ్లీ చదివి వినిపించండి. ఎవరూ విసుక్కోరు. పైగా శ్రద్ధ ఉన్న మనిషి అనుకుంటారు. ఫోన్ పెట్టేటప్పుడు ఔఫ్ వీడర్‌జేయెన్ అనకండి, అది మళ్లీ చూద్దాం అని. ఫోన్‌లో చూసేది లేదు కాబట్టి ఔఫ్ వీడర్‌హ్యోరెన్ అంటారు, మళ్లీ విందాం అని. ఎంత పద్ధతైన మనుషులో చూడండి. మనం "సరే, ఉంటాను" అంటాం. ఎక్కడ ఉంటామో చెప్పం.

ఇప్పుడు అసలు చిక్కు. స్టుట్‌గార్ట్‌లో చెత్తకి నాలుగు రకాల డబ్బాలు ఉంటాయి. ఏ డబ్బా ఏ రోజు బయట పెట్టాలో నాకు అర్థం కాలేదు. ఒక సాయంత్రం ఏడున్నరకి ఆఫీసు స్నేహితుడికి ఫోన్ చేశాను. మూడో రింగుకే ఎత్తి, "ఏం జరిగింది?" అన్నాడు. గొంతులో నిజంగానే భయం. ఏం జరగలేదు, పాల ప్యాకెట్ ఏ డబ్బాలో వెయ్యాలి అన్నాను. పసుపు దాంట్లో అని చెప్పాడు. వెనక పిల్లల చప్పుడు, ప్లేట్ల చప్పుడు. మర్నాడు కాఫీ దగ్గర చాలా మెల్లగా అన్నాడు, "ఈసారి ముందు ఒక మెసేజ్ పెట్టు, నేనే చేస్తాను. ఫోన్ మోగేసరికి మా నాన్నకి ఏమైనా అయిందేమో అనుకున్నాను."

నాకు తల కొట్టేసినట్టయింది. చాలారోజులు అతను నన్ను పరాయిదానిలా చూశాడనే అనుకున్నాను. తర్వాత ఎప్పుడో మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ రోజుల్లో ఇంటికి టెలిగ్రాం వచ్చిందంటే కవరు చింపకముందే ఏడుపులు మొదలయ్యేవి. ట్రంక్ కాల్ వచ్చిందంటే ఎవరో పోయినట్టే. చెప్పాపెట్టకుండా మోగే ఫోన్ ఇప్పుడు మా స్నేహితుడికి అలాంటిదే. మామూలు సంగతులన్నీ మెసేజ్‌లోకి, ఈమెయిల్‌లోకి వెళ్లిపోయాక, ఇక మోగడానికి మిగిలింది చెడ్డ కబురేగా.

అయితే వాళ్లు మాత్రం మొదటినుంచీ ఇలాగే ఉన్నారా అని నాకు అనుమానం ఉండేది. అక్కడ మా ఇంటి ఓనరావిడని అడిగాను. డెబ్బై ఎనిమిదేళ్ల ఆవిడ. ఆవిడ చెప్పిన సంగతులు వింటే మా తణుకు దగ్గర ఊరే గుర్తొచ్చింది. వాళ్ల ఫోన్ బూత్‌లలో బోర్డు ఉండేదట, "ఫాస్సె డిష్ కుర్త్స్", అంటే ముక్తసరిగా మాట్లాడు అని. బయట లైన్‌లో ఉన్నవాళ్లు నాణెంతో అద్దం మీద కొట్టేవారట. 1970లలో రాత్రి పది దాటితే దూరం కాల్స్‌కి రేటు తగ్గేది. దానికి పేరేంటో తెలుసా? వెన్నెల రేటు! ఆ పేరు విని నేను మురిసిపోయాను. మనకీ ఉండేది కదా, రాత్రి పదకొండు దాటాక పావు రేటు. మనవాళ్లు దానికి అంత అందమైన పేరు పెట్టలేదు, అంతే. మా నాన్నగారు ఎస్టీడీ బూత్‌లో బల్ల మీద కూర్చుని పదకొండు కొట్టేదాకా ఎదురుచూసేవారు. గాజు అద్దాల గదిలో ఎర్ర అంకెల మీటరు తిరుగుతుంటే మాట కంటే కళ్లు మీటరు మీదే ఉండేవి. మా బాబాయి మస్కట్‌లో ఉండేవాడు. ఆయనకి మేం ఇచ్చింది పీపీ నంబరు. పీపీ అంటే మీకు తెలీదనుకుంటా. పక్కింటివాళ్ల ఫోన్ నంబరో, బూత్ నంబరో మన నంబర్‌గా చెప్పుకోవడం. ఆదివారం ఆయన ఫోన్ చేస్తే బూత్ కుర్రాడు సైకిల్ మీద వచ్చి "మస్కట్!" అని అరిచేవాడు. వీధి వీధంతా లేచేది.

అంటే ముక్తసరిగా మాట్లాడటం మనకీ వచ్చు. డబ్బులయ్యేటప్పుడు వచ్చేది. 1995 జూలైలో మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ మాట్లాడారు. ఆ రోజుల్లో చేసినవాడికే కాదు, ఎత్తినవాడికి కూడా బిల్లే. నిమిషానికి పదహారు రూపాయలదాకా ఉండేది. అందులోంచే మిస్డ్ కాల్ పుట్టింది. ఒక రింగ్ అంటే బస్సు ఎక్కాను, రెండు అంటే దిగాను. 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది, 2016 తర్వాత డేటా కారుచౌక అయింది. మన నోటికి అడ్డు పోయింది. వాళ్లకి కూడా బిల్లు భయం పోయింది గానీ, ఆ బోర్డు మాత్రం మనసులో ఉండిపోయినట్టుంది. బూత్‌లే పోయాయి. 2022 నవంబర్‌లో మిగిలిన బూత్‌లలో నాణేలు తీసుకోవడం ఆపేశారు.

ఇలా చెబుతుంటే జర్మన్లకి మనుషుల మీద ప్రేమ లేదనుకుంటారేమో. నేనూ అనుకున్నాను కొన్నాళ్లు. మా ఓనరావిడ కూతురు హాంబుర్గ్‌లో ఉంటుంది. ప్రతి ఆదివారం పదకొండు గంటలకి ఫోన్ చేస్తుంది. ఇరవై ఏళ్లుగా అదే టైం. ఒకసారి అద్దె కాగితం కోసం ఆ టైంకి కాస్త ముందు వెళ్లాను. ఆవిడ మంచి చొక్కా వేసుకుని, పెదాలకి కాస్త రంగు పూసుకుని, కాఫీ కప్పు పక్కన పెట్టుకుని ఫోన్ దగ్గర కూర్చుని ఉంది. వీడియో కాల్ కాదండీ, మామూలు ల్యాండ్‌లైన్. నన్ను చూసి "ఇంకా పన్నెండు నిమిషాలు ఉంది, కూర్చో" అంది. నేను అయిదు నిమిషాల్లో లేచి వచ్చేశాను. మనం వారానికి ఇరవైసార్లు చేస్తాం, చపాతీలు కాలుస్తూ, కూర కలుపుతూ, ట్రాఫిక్‌లో హారన్ కొడుతూ. ఎవరి కోసమైనా చొక్కా మార్చుకుని కూర్చున్నామా ఎప్పుడైనా? ఆవిడకి రాత్రి ఎనిమిది నుంచి ఎనిమిదింబావు దాకా మాత్రం ఫోన్ చెయ్యకూడదు. టీవీలో టాగెస్‌షౌ వార్తలు. పాతతరం ఇళ్లలో అది సంధ్యావందనం లాంటిది.

కొన్ని సంగతులు గబగబా చెప్పేస్తాను, టైం అవుతోంది. రైళ్లలో నిశ్శబ్దంగా ఉండాల్సిన పెట్టెలు ఉంటాయి, రూయెబెరైష్ అని రాసి ఉంటుంది. టికెట్ బుక్ చేసేటప్పుడే చూసుకోండి. మిగతా పెట్టెల్లో మాట్లాడొచ్చు గానీ స్పీకర్ పెట్టి అమ్మని పెట్టె అందరికీ పరిచయం చెయ్యకండి. మీ ఫోన్‌లో కాల్ రికార్డింగ్ దానంతట అదే ఆన్‌లో ఉంటే ఇక్కడే తీసేసి వెళ్లండి. అవతల మనిషికి చెప్పకుండా రికార్డ్ చెయ్యడం అక్కడ శిక్షాస్మృతి 201వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. మన ఓనర్ అడ్వాన్స్ ఇవ్వనన్నాడు, రికార్డ్ చేశాను చూడు అని గ్రూపులో పెట్టారంటే ఇరుక్కునేది మీరే. అంబులెన్సుకీ, ఫైర్ సర్వీసుకీ 112, పోలీసులకి 110. ప్రాణం మీదికి రాని జబ్బైతే, రాత్రి పూట డాక్టర్ కోసం 116117. ఆ 112కి చేసినప్పుడు ఎక్కడ, ఏం జరిగింది, ఎంతమంది, ఎలాంటి దెబ్బలు, ఈ నాలుగూ చెప్పాలి. అయిదోది ఆగడం. అక్కడి పిల్లలకి బళ్లోనే నేర్పుతారు, వాళ్లు పెట్టేదాకా మీరు పెట్టకూడదు అని. మనం కంగారులో "తొందరగా రండి" అని పెట్టేస్తాం. ఏ వీధికి రావాలో వాళ్లకి తెలియదు.

ఇక చివరిది. ఇది చెప్పాలా వద్దా అని కారులో వస్తున్నంతసేపూ అనుకున్నాను.

మా నాన్నగారు రిటైర్డ్ హెడ్మాస్టర్. అన్నం తిని పడక్కుర్చీలో కూర్చున్నాక, ఒంటిగంటన్నరకి నాకు ఫోన్ చేసేవారు. ఎండాకాలం అక్కడ మనకంటే మూడున్నర గంటలు వెనక. అంటే నాకు ఉదయం పది, సరిగ్గా టీమ్ మీటింగ్. అక్టోబర్ ఆఖరి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడు నాకు తొమ్మిది, ట్రామ్‌లో ఉంటాను. మొదట్లో ఎలాగోలా ఎత్తేదాన్ని. వెళ్లిన ఆరో ఏడాదికి నాకు తెలియకుండానే నేను మా స్నేహితుడిలా తయారయ్యాను. ఫోన్ ఎత్తి "చెప్పు నాన్నా, ఏంటి విషయం?" అనేదాన్ని. ఒక క్షణం ఆగి ఆయన, "ఏం లేదమ్మా, ఊరికే చేశాను" అనేవారు. "మీటింగ్ ఉంది, తర్వాత చేస్తా" అనేదాన్ని. ఒక్కోసారి చేసేదాన్ని.

ఈ "ఊరికే"ని జర్మన్‌లోకి ఎలా మార్చాలో నాకు ఇప్పటికీ తెలియదు. కారణం లేకుండా అందామంటే అది వాళ్ల చెవికి తప్పులా వినిపిస్తుంది. మన ఊళ్లో సాయంత్రం అరుగు మీద కూర్చోవడానికి కారణం అడగం కదా. మా నాన్నగారు ఫోన్‌ని ఆ అరుగులా వాడుకునేవారు. నేను అరుగు దగ్గర నిలబడి "ఏం పని మీద వచ్చారు?" అని అడుగుతున్నానన్నమాట.

ఒకరోజు ఫోన్ రాలేదు. మెసేజ్ వచ్చింది. హెడ్మాస్టర్ కదా, తెలుగులో, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా. "అమ్మా, నీకు వీలైనప్పుడు ఒకసారి ఫోన్ చేయగలవు. తొందర లేదు. పని ఏమీ లేదు." చేయగలవు! ఎవరికో అర్జీ రాసినట్టు. ఆ రాత్రి అమ్మకి చేస్తే చెప్పింది, "అరగంటగా ఫోన్ చేతిలో పట్టుకుని నన్ను అడుగుతున్నారే, ఇప్పుడు చెయ్యొచ్చా, అది మీటింగ్‌లో ఉంటుందా అని. నాకేం తెలుసు?" మెసేజ్ పెట్టి ఫోన్ చెయ్యడం అనే జర్మన్ మర్యాద నేను ఎవరికి నేర్పానో చూడండి.

పరిష్కారం మాత్రం ఆయనే కనిపెట్టారు. ఎత్తనక్కర్లేదు, రెండు రింగులు ఇచ్చి పెట్టేస్తాను అన్నారు. పాత మిస్డ్ కాల్. ఒంటిగంటన్నరకి రెండు రింగులు వస్తే అన్నం తిన్నాం, బాగున్నాం అని. నేను కూడా వీలు చూసుకుని రెండు రింగులు ఇస్తాను. ఖాళీ ఉన్నవాళ్లు తర్వాత చేస్తారు. నా మీటింగ్‌లో ఫోన్ రెండుసార్లు వణుకుతుంది, మా టీమ్‌లో అందరికీ తెలుసు. ఒకతను "మీ నాన్న భోజనం అయింది" అంటాడు. సెలవుల్లో ఉన్నప్పుడు కూడా అతనికి పది గంటలకి ఆకలేస్తుందట.

ఈ నెలంతా నేను ఇంట్లోనే ఉన్నాను. పొద్దున్న ఆయనే నన్ను కారెక్కించారు. అయినా ఇందాక, ఆ గుర్రం కథ చెబుతున్నప్పుడో ఎప్పుడో, బల్ల మీద నా ఫోన్ రెండుసార్లు వణికింది. ముందు వరసవాళ్లు చూసే ఉంటారు. మీరు ప్రశ్నలు రాసుకుంటూ ఉండండి, నేను బయటికి వెళ్లి రెండు రింగులు ఇచ్చి వస్తాను.